“మనవాడేనా?” : విద్యార్థులకును వారి పెద్దలకును ఒక ధర్మోపన్యాసము



మన తెలుగుభాషయందొక విశేషము కలదు. ఎదుటివానిని గలుపుకొని పలుకునపుడు “మనము” అందుము. వానిని విడిచి పలుకునపుడు “మేము” అందుము. సంస్కృతమున “వయమ్” అను నొక్క పదమే యీ రెండర్థములకును జాలును. ఇంగ్లీషుభాషయందును నంతియే. ఈ భేదము ద్రావిడభాషలలో ననేకములయందు గలదు. తమిళులకును “నామ్”, “నాంగళ్” అని రెండు మాటలు కలవు. పలుకువాడు నోరు తెఱచిన తోడనే వినువాడు లోపలివాడో వెలుపలివాడో తేలిపోవును. ఇంత సూక్ష్మమైన మర్యాదను నేర్పిన భాషను మాటాడుచు, ఎదుటివానిని గలుపుకొనుటకై పుట్టిన “మన” యను మాటనే యెదుటివానిని వెలివేయుటకు సాధనముగా జేసికొంటిమి. క్రొత్త విద్యార్థి యొకడు వసతిగృహమున పెట్టె దింపీ దింపకమునుపే “ఇంటిపేరేమి?” యని యడుగుదురు. ఇంటిపేరు చాలదా, ఊరడుగుదురు. ఊరును జాలదా, తండ్రిపేరు, మేనమామల యూరు. అన్నియు విన్న పిమ్మట ఒకడు వేఱొకని చెవిలో మెల్లగా “మనవాడేనా?” యనును. ఔనన్నచో ఆ బాలునికి గదిలో మంచి మూల దొరకును, పాతపుస్తకములు దొరకును, ఏ యుపాధ్యాయుని యొద్ద నెట్లు మెలగవలయునో తెలియును. కాదన్నచో నెవరును వానిని దిట్టరు, కొట్టరు. వానికేమియు దొరకదు, అంతియే.

ఈ ప్రశ్నను కోపముతో నెవ్వరు నడుగరు, ప్రేమతోనే యడుగుదురు. అందుచేతనే యిది మిక్కిలి యపాయకరమైనది. ద్వేషము తన్ను తాను దాచుకొనలేదు. అది కన్నెఱ్ఱజేయును, కంఠము హెచ్చించును. ఇరుగుపొరుగువారు వచ్చి మందలింతురు. పక్షపాతమట్లు గాదు. అది స్నేహమను పేరను, కృతజ్ఞతయను పేరను, వంశగౌరవమను పేరను ఇంటిలో దిరుగును. పీట వేయించుకొని కూర్చుండును. పక్షమనగా ఱెక్క. పక్షపాతమనగా ఒక ఱెక్కవైపునకు ఒఱగుటయని చెప్పికొనవచ్చును. ఒఱగిన పక్షికి తానొఱగితినని తెలియదు. దానికి భూమియే వంగినట్లు తోచును.

1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలునకు వచ్చిన మన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుగావించి, దానిని పాటించుట నేరమని శాసించినది. బావియొద్దను, గుడివాకిటను, పాఠశాలయందును శాసనము పని చేయగలదు. చెవిలో గుసగుసలాడుకొను చోటికి శాసనము పోజాలదు. అచ్చటికి బోవలసినది అంతరాత్మ యొక్కటియే.

కావున ఆత్మపరీక్షయను మాటను మనము మరల విచారింపవలసియున్నది. ధర్మపరులైన విద్యార్థులు కొందఱు రాత్రి పరుండబోవు ముందు “నేడు నేనసత్యమాడితినా? కోపించితినా? కాలము వ్యర్థపుచ్చితినా?” యని ప్రశ్నించుకొందురు. మంచిదే. కాని పక్షపాతము ఈ పట్టికలో నెన్నడును జిక్కదు; ఏలయనగా అది పాపవేషమున రాదు. “నేను పక్షపాతినా?” యని మనస్సు నడిగినచో, మనస్సు తడవుకొనకుండ “కాదు” అనును. నిందితునే న్యాయాధిపతి పీఠమున గూర్చుండబెట్టి తీర్పడిగినచో మఱేమి వచ్చును? మనస్సును గాక, దినము నడుగవలయును. నేడు నేనెవరి ప్రక్క గూర్చుంటిని? ఎవరితో గలసి భుజించితిని? ఎవరు మాటాడునపుడు పుస్తకము త్రిప్పుచుంటిని? తరగతిలో నొకడు సరియైన యుత్తరము చెప్పినపుడు “తెలివిగలవాడు” అనుకొంటినా, “ఎవరో చెప్పియుందురు” అనుకొంటినా? ఇవి జరిగిన సంగతులు. వీనిని మనస్సు తారుమాఱు చేయజాలదు.

ఈ పరీక్షలో దేలునది చిత్రముగా నుండును. ఒకే పనికి మనయొద్ద రెండేసి పేర్లు కలవు. మనవాడు సభలో బిగ్గరగా మాటాడినచో ధీరుడు; పరుడు మాటాడినచో పొగరుబోతు. మనవాడు పరీక్ష తప్పినచో పాపము, జ్వరపడి లేచినాడు. పరుడు తప్పినచో వారింతే. నియమితస్థానము పొంది కళాశాలలో జేరిన సహాధ్యాయిని జూచి “వానికి సీటు ఊరక వచ్చినది” యని నిట్టూర్చు విద్యార్థులను నేడును జూచుచున్నాము. ఆ నిట్టూర్చువాని యింట తాతగారినాటి పుస్తకముల బీరువా కలదు. తండ్రి లెక్కలు చెప్పును. అర్ధరాత్రివఱకు వెలుగు దీపము కలదు. దానిక్రింద నిశ్శబ్దము కలదు. పరీక్షకు ముందు ప్రత్యేకముగా బాఠము చెప్పించుటకు రూకలు కలవు. వీనిలో దేనిని వాడు సంపాదించెను? అన్నియు నూరకనే వచ్చినవి. పుట్టిననాటినుండియు నున్న దానిని దానమని గుర్తించుట మనుష్యునికి మిక్కిలి కష్టము. నియమితస్థానముల పద్ధతినిగూర్చి తర్కింప దలచినవారు తర్కింపవచ్చును. కాని ఆ తర్కమునకు ముందు తమ యింటి బీరువాను లెక్కలో వేసికొనవలయును.

పక్షపాతము ఎంతలోతున నుండునో తెలియుటకు ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామజాబాలుని కథను జూడుడు. ఆ బాలుడు విద్యార్థియై హారిద్రుమత గౌతముని యొద్దకు బోయెను. ఆచారము ననుసరించి గురువు గోత్రమడిగెను. బాలుడు దాచక, తన తల్లి యౌవనమున బలుయిండ్ల బరిచర్య చేయుచుండగా తాను బుట్టితిననియు, గోత్రము ఆమెయు నెఱుగదనియు, తాను జబాల కుమారుడగు సత్యకాముడననియు చెప్పెను. గురువు సంతసించి వానిని శిష్యునిగా గైకొనెను. ఇంతవఱకు మనవారందఱును జెప్పుదురు. బాలుని సత్యసంధతను గొనియాడుదురు. కాని గురువు మెచ్చుకొనిన తీరును గమనింపుడు. బ్రాహ్మణుడు గానివాడిట్లు నిజము చెప్పజాలడని యాయన తాత్పర్యము! గోత్రము తెలియని బాలుడు సత్యమాడెను గదా. ఆ సత్యమును జూచి, సత్యము ఏ కులమునందైనను బుట్టునని గ్రహించుటకు మాఱుగా, సత్యమాడెను గనుక వీడు మావాడే యయియుండునని యాయన నిశ్చయించెను. హృదయము విశాలమైనది, తలుపును దెఱచినది. ఐనను గడపమీది పాతలెక్క చెరుగలేదు. అంతటి యాచార్యునియందే యీ శేషము మిగిలియుండగా, నేను సంస్కారవంతుడను, నాకు గులభేదము లేదని నోటిమాటగా ననుకొనుచు దిరుగు మనబోంట్ల సంగతి చెప్పనేల? మనకు నచ్చిన పరుని జూచి “చూచుటకు మనవానివలెనే యుండును” అని మెచ్చుకొనుట నేటికిని మానితిమా?

ఇక నోరువిప్పుటను గూర్చి. తన తప్పును దాను దెలిసికొనుట యొక మెట్టు; నలుగురిలో లేచి చెప్పుట మఱియొక మెట్టు. పరులతప్పును జెప్పుట సులభము. “మన” యనుకొన్నవారి నడుమ లేచి “ఇది తగదు” అనుట దుర్లభము. భారతమున సభాపర్వమునందు వికర్ణుడు చేసినదిదియే. ద్రౌపది యడిగిన ప్రశ్నకు భీష్మద్రోణాదులు తిన్నగా నుత్తరమీయలేకపోగా, ధృతరాష్ట్రుని కుమారులలో నొకడైన వికర్ణుడు లేచి, ధర్మరాజు తన్ను దానోడిన పిదప నామెను బణమొడ్డెననియు, ఆమె యైదుగురకును సమానముగా భార్యయనియు, కావున నామె యోడబడినది కాదనియు కారణములతో జెప్పెను. ఆగ్రహముతో నఱవలేదు, ఎవరిని దూషింపలేదు, న్యాయము చెప్పెను. అప్పుడు కర్ణుడు వానికేమని బదులు చెప్పెను? వాదమునకు వాదము కొంత యుండెను గాని, నీవు బాలుడవు, పెద్దలుండగా నీకేల యనుట ముందుండెను. విద్యార్థులారా, ఈ బదులు మీరును వినియుందురు.

ఐనను వికర్ణుని కథ అచ్చట ముగియలేదు. యుద్ధము వచ్చినపుడు అతడన్నలపక్షముననే నిలిచి పోరాడెను. భీముడు తన ప్రతిజ్ఞ ననుసరించి యతనిని గూల్చెను, కూల్చి దుఃఖించెను. సభలో నొక్కమాఱు సత్యము పలికి, పిదప జీవితమంతయు “మనవారి” వెంట నడచిన వానిగతి యిట్లుండును. ఒక తీర్మానమునకు జేయెత్తి, ఒక యుపన్యాసము చెప్పి, ఇంటికి వచ్చి పాతచాలులోనే నడచు సంస్కర్తలు మనలో గొఱతలేదు. వారిని నేను హీనముగా జూడను; నోరుమూసికొన్న భీష్మునికంటె వికర్ణుడు మేలు. కాని నాయకత్వమనునది యది కాదు.

నోరువిప్పుటలో మఱియొక ప్రమాదము కలదు. కలకత్తానగరమున హిందూకళాశాలయందు 1826 మొదలు 1831 వఱకు ఉపాధ్యాయుడుగా నుండిన డిరోజియో తన శిష్యులకు ఏ సంగతినైనను విచారింపక నమ్మవలదని బోధించెను. ఇరువదిరెండేండ్ల ప్రాయముననే, 1831 డిసెంబరులో, గతించెను. ఆ శిష్యులయందు ధైర్యమునకు లోటులేదు. ఆ సంవత్సరము ఆగస్టునెలలో కృష్ణమోహన బెనర్జీ యింట లేని సమయమున, ఆతని మిత్రులు కొందఱచ్చట గోమాంసము భుజించి, ఎముకలను బొరుగుననున్న బ్రాహ్మణుని యింటిలోనికి విసరిరి. ఊరంతయు నట్టుడికినది. అపరాధమెఱుగని కృష్ణమోహనుడు ఇల్లు విడువవలసివచ్చెను. ఆ యువకులు మూఢాచారమును ఖండించితిమనుకొనిరి. ఎవని మూఢాచారము? తమలోని మాటయేమి? “మేము తెలిసినవారము, వీరు తెలియనివారు” అను క్రొత్తకుల మొకటి వారిలో నప్పటికే పుట్టియుండెను. జందెము దీసివేసినను నీ కులము పోదు. ఆ డిరోజియో శిష్యవర్గములోనివాడే రామతను లాహిరి. అతడెవరి యింటిలోను నేమియు విసరలేదు. పలుయేండ్లు తన్ను దాను దరచి చూచుకొని, నమ్మకము లేని చిహ్నమును ధరించుట యసత్యమని 1851లో యజ్ఞోపవీతమును విడిచెను. సేవకులు మానివేసిరి, బంధువులు దూరమైరి, అతడు సహించెను. రెంటిలో నేది ధైర్యమో వేఱుగా జెప్పనక్కఱలేదు.

విద్యార్థినాయకత్వమునకు నాకు దెలిసిన దృష్టాంతములలో గొప్పది మన దేశమున జరిగినది గాదు. అమెరికా దేశమున వర్జీనియా రాష్ట్రమునందు ఫార్మ్‌విల్ అను చిన్నపట్టణము కలదు. అచ్చట తెల్లవారి పిల్లలకొక పాఠశాల, నల్లవారి పిల్లలకు మోటన్ ఉన్నతపాఠశాల యని వేఱొకటి యుండెడివి. నూటయెనుబదిమందికై కట్టిన మోటన్ పాఠశాలలో 1951 నాటికి నాలుగువందల యేబదికి బైగా విద్యార్థులుండిరి. తెల్లపాఠశాలకు వ్యాయామశాల, భోజనశాల, విజ్ఞానప్రయోగశాల యుండగా, వీరికి తారుకాగితము గప్పిన పాకలు వేసిరి. వాన కురిసినపుడు లోపల గొడుగులు పట్టుకొనవలసివచ్చెడిది. పొయ్యిదగ్గఱ గూర్చున్నవానికి ఉడుకు, దూరముననున్నవానికి వడకు. పెద్దలు పాఠశాలాధికారులకు బలుమాఱులు విన్నవించుకొనిరి. చూచెదమను మాట తప్ప మఱేమియు రాలేదు.

బార్బరా జాన్స్ అను పదునాఱేండ్ల బాలిక ఈ దుఃస్థితిని దన సంగీతోపాధ్యాయినికి మొఱపెట్టుకొనెను. ఆ యుపాధ్యాయిని, మఱి నీవే దానికేదైన నేల చేయగూడదని తిరుగ బ్రశ్నించెను. బాలికకు మొదట గోపము వచ్చినదట. పిదప నా ప్రశ్న యామెను విడువలేదు. నెలల తరబడి నాలోచించి, నమ్మదగిన కొందఱిని జేర్చుకొనెను. 1951 ఏప్రిలు 23వ తేదీన, విద్యార్థులెవరో చిక్కులో బడిరని టెలిఫోనులో గబురుపంపి ప్రధానోపాధ్యాయుని పాఠశాలనుండి బయటకు బంపిరి. ప్రధానోపాధ్యాయుని పేర చీటీలు బంపి అందఱను సభామందిరమునకు రప్పించిరి. తెర తొలగగా వేదికపై బార్బరా నిలిచియుండెను. ఉపాధ్యాయులను వెలుపలికి బొమ్మని వేడి, పాఠశాలను విడిచి నడువుడని సహాధ్యాయుల గోరెను. వారు నడచిరి. రెండువారములు తరగతులకు బోలేదు.

ఆ కబురును ఆ చీటీలును అసత్యములు. ధర్మోపన్యాసకుడు దీనిని దాచి పొగడరాదు. ప్రధానోపాధ్యాయునికి దెలిసియుండినచో ఆయన యుద్యోగమునకే మోసము వచ్చునని, ఆయన నీ పనికి దూరముగా నుంచుటకట్లు చేసిరని చెప్పుదురు. కారణము నిజమే కావచ్చును. ఐనను ఆ మచ్చ మచ్చయే. మచ్చలేని నాయకుని కొఱకు వేచియుండినచో ఆ పాకలలో నేటికిని వాన కురియుచుండెడిది. ఈ రెండు మాటలను గలిపి మనస్సున నిలుపుకొనుడని మాత్రము కోరెదను.

అంతకంటె గమనింపదగినది వారి కోరిక మాఱిన తీరు. ఆ విద్యార్థులు మొదట గోరినది క్రొత్తభవనము. తెల్లవారితో సమానమైన భవనము తమకును గావలయును; వేఱుగానున్నను సరే. వారి సహాయార్థము వచ్చిన ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్‌సన్ అను న్యాయవాదులు, వేఱ్పాటునే తొలగింపుమని కోరుదురేని వ్యాజ్యము చేపట్టుదుము గాని, భవనముకొఱకు మాత్రము చేపట్టమనిరి. ఆ మాట పిల్లలను గలవరపఱచినది. పుట్టిననాటినుండి చూచిన గోడను గోడయని వారనుకొనలేదు. నేలవలె, ఆకాశమువలె నది యుండునదే యనుకొనిరి. పీడింపబడినవాని మనస్సునందును పీడించువాని లెక్క చొచ్చియుండును. తమపై దమకే పక్షపాతము! ఈ రీతి ఆత్మపరీక్ష సుఖముగానున్నవాని యాత్మపరీక్షకంటె నెన్నియో రెట్లు బాధాకరము. తల్లిదండ్రుల సభలో పెద్దయొకడు, ఇంతకు దెగింపవలదని హెచ్చరించెను. చర్చించి, తుదకు వారు పెద్దకోరికనే కోరిరి. నూటపదునేడుగురు విద్యార్థులు వాదులుగా వ్యాజ్యము దాఖలయ్యెను. ఆ వ్యాజ్యమును, అట్టివి మఱి నాలుగును గలిసి 1954 మే 17వ తేదీన ఆ దేశపు అత్యున్నతన్యాయస్థానమున దీర్పునకు వచ్చెను. ప్రభుత్వపాఠశాలలలో జాతినిబట్టి విద్యార్థులను వేఱుపఱచుట రాజ్యాంగవిరుద్ధమని తేలెను.

దీనితో సుఖాంతమని చెప్పి లేచిపోవుట నాకు దోచదు. బార్బరా ప్రాణమునకు భయపడి తల్లిదండ్రులామెను వేఱొక రాష్ట్రమునందలి తండ్రి సోదరుని యింటికి బంపిరి. తీర్పును బాటించుటకు మాఱుగా ఆ జిల్లా అధికారులు 1959లో ప్రభుత్వపాఠశాలలనే మూసివేసిరి. తెల్లపిల్లలకు బ్రత్యేకపాఠశాల పెట్టుకొనిరి. నల్లపిల్లలలో ననేకులు 1964 వఱకు, అయిదేండ్లు, చదువులేక యుండిరి. నోరువిప్పినవారి తమ్ములును జెల్లెండ్రును ఆ మూల్యమును జెల్లించిరి. నాయకత్వమనగా ముందు నడచుటయే కాదు, వెనుక నున్నవారిపై బడు దెబ్బను లెక్కించుట కూడ. సమ్మెకు బిలుపునిచ్చు ప్రతి విద్యార్థియు, తాను బరీక్ష తప్పినను తండ్రి భరించునని యెఱిగినవాడు, ఒక్క నెల వేతనసహాయము ఆగినచో చదువే మానుకొనవలసిన సహాధ్యాయిని ముందుగా నడిగిరావలయును.

ఇక పెద్దలతో రెండుమాటలు. మీలో ననేకులు విద్యావంతులు, సంస్కారాభిమానులు. సభలలో ముందువరుసను గూర్చుండువారు. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు, అల్లరిమూకకు వెఱవక తోడు నిలిచినవారిలో విద్యార్థులుండిరి. వితంతువివాహమును శాసనసమ్మతము జేసిన చట్టము వచ్చి 1881 నాటికి ఇరువదియైదేండ్లైనది. పెద్దలలో ననేకులకది న్యాయమనియు దెలియును. ఐనను బహిష్కారపుమాట పుట్టగానే, సంతకములు చేసినవారిలో బలువురు ప్రాయశ్చిత్తములు చేసికొని తొలగిరి. వంటవారు రాలేదు, నీరు దెచ్చువారు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు తామే వండిరి, తామే గోదావరినుండి నీరు మోసిరి. ఆ తొలగిపోయిన పెద్దలను జూచి ఆ పట్టణపు బాలురేమి నేర్చుకొనిరో, ఆ బిందెను జూచి యేమి నేర్చుకొనిరో యూహించుకొనుడు.

మీ బిడ్డ కళాశాలనుండి లేఖ వ్రాయును: ఇచ్చట ఫలానివానికి భోజనపుబల్లవద్ద నన్యాయము జరిగినది, నేను పర్యవేక్షకునితో జెప్పదలచితిని, ఏమందురు? మనలో నూటికి దొంబదిమందిమి బదులువ్రాయు వాక్యము నోటికి సిద్ధముగానున్నది: నీ చదువు నీవు చూచుకొనుము, మనకెందుకు? ఈ “మనకెందుకు” లోని “మన” యెవరో, కలమును దిగువనుంచి, కొంచెముసేపు యోచింపుడు. ఫార్మ్‌విల్ పాఠశాలలోని సంగీతోపాధ్యాయిని ఉద్యోగము పోగొట్టుకొను స్థితిలోనుండియు ఆ బాలికను వారింపలేదు, ఉద్రేకింపజేయలేదు. ఒక ప్రశ్న యడిగి యూరకుండెను. మీరు వ్రాయు లేఖలో నంతకంటె నెక్కువ యుండనక్కఱలేదు. ఆ యన్యాయము జరిగిన బాలుని పేరేమని యడుగుడు. ఇంటిపేరు గాదు, పేరు. వాడేమి కోరుచున్నాడో ముందు వానినే యడిగితివా యనియు నడుగుడు. నీవు చెప్పబోవునపుడు నీతో మఱియెవరు వత్తురనియు నడుగుడు. తపాలా వెళ్లునంతలో, సెలవులకు వానిని గూడ వెంటబెట్టుకొని రమ్మని క్రింద నొక పంక్తి చేర్చుడు.